జత దొరకని లెఫ్ట్ బ్యాక్

2023 వానాకాలం. బిలాస్‌పూర్‌లో మంగ్లా వైపు వెళ్ళే రోడ్డు మీద నా ఫిజియోథెరపీ క్లినిక్. రెండు గదులు, మూడు బల్లలు, ఒక అల్ట్రాసౌండ్ మిషను, కరెంటు పోయినప్పుడల్లా తిట్టుకోవడానికి నేను. మా నాన్న పలాస నుంచి వచ్చి ఇక్కడి లోకో షెడ్‌లో ఫిట్టరుగా చేరారు. ఆయన ఇంజన్లకు చేసిన పనే నేను మనుషులకు చేస్తున్నానని మా ఆయన వేళాకోళం చేస్తుంటారు. రైల్వే గార్డుల నడుములు, టీచరమ్మల మెడలు, సదర్ బజార్ సేఠ్‌ల మోకాళ్ళు, ఇలా పాతికేళ్ళుగా నా చేతులకు తీరిక లేదు.

ఆ ఏడాది ఊళ్ళోని ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బు నన్ను సీజన్‌కు కుదుర్చుకుంది. సిర్గిట్టి ఫ్యాక్టరీల వెనక అద్దెకు తీసుకున్న గ్రౌండ్‌లో వాళ్ళ ప్రాక్టీసు. మ్యాచ్ రోజుల్లో నేను వెళ్ళాలి, మిగతా రోజుల్లో దెబ్బ తగిలినవాళ్ళు నా దగ్గరికి రావాలి. ఆటగాళ్ళు బుద్ధిగా చెప్పిన మాట వింటారని చాలామంది అనుకుంటారు. వాళ్ళకన్నా మొండి పేషెంట్లు నాకెక్కడా తగల్లేదు. తగ్గని నొప్పి తగ్గిందంటారు, చెయ్యని వ్యాయామం చేశామంటారు.

వాళ్ళలో ఒకడు జగదీష్. పేరు మార్చాను, అతన్ని అడిగే రాస్తున్నాను. లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ అంచున కాపలా కాస్తూ సందు దొరికితే ముందుకు దూసుకుపోయే ఆటగాడు. తండ్రి రైల్వేలో పట్టాలు చూసుకునే ట్రాక్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. వాళ్ళదీ మా శ్రీకాకుళం వైపే. టీము మొత్తంలో తెలుగు వచ్చినవాడు అతనొక్కడే కావడంతో అందరికీ మేడమ్‌నైన నేను అతనికి పిన్నినయ్యాను. రైల్వే క్వార్టర్ల మధ్య ఉన్న మట్టి మైదానంలో చెప్పుల్లేకుండా ఆడుకున్న కుర్రాడు క్లబ్బు జెర్సీ దాకా వచ్చాడు. ఆ జెర్సీ తప్ప అతనికి ఇంకే కోరికా లేదు.

ఆ సీజన్లో అతని కుడికాలి హ్యామ్‌స్ట్రింగ్ రెండోసారి పట్టేసింది. హ్యామ్‌స్ట్రింగ్ అంటే తొడ వెనక కండరం. పూర్తి వేగంతో పరిగెత్తేటప్పుడు ముందుకు విసిరిన కాలికి అదే బ్రేకు. ఆ బ్రేకు బలహీనపడితే కండరం చిరుగుతుంది. జగదీష్ కుంటుతూ బయటికి వచ్చిన రోజున కోచ్ నన్ను పక్కకు పిలిచి హిందీలో తెగేసి చెప్పారు. "మేడమ్, మూడోసారి ఇలా అయితే వదులుకోవాల్సిందే. మేనేజ్‌మెంటు దగ్గర నేనింక నోరెత్తలేను."

కుంటు తగ్గాక స్కాన్ తీయిస్తే గాయం శుభ్రంగా మానినట్టు తేలింది. నడుము బాగుంది, నడక బాగుంది. స్ట్రెంగ్త్ టెస్ట్ పెట్టాను. చేతిలో పట్టుకునే ఒక చిన్న మీటరును మడమకు ఆనించి, పేషెంటును బలంగా నొక్కమంటాం. టీములో అందరికీ సీజన్ మొదట్లో ఉన్నదానికంటే బలం పెరిగింది. జగదీష్‌కు తగ్గింది. నాకది మింగుడుపడలేదు.

ఎందుకంటే ఈ కండరానికి మేమిచ్చే మందు ఒకటుంది. నార్డిక్ అనే వ్యాయామం. మోకాళ్ళ మీద నిటారుగా నిలబడాలి. వెనక ఇంకొకరు కూర్చుని రెండు చీలమండలూ నేలకేసి అదిమి పట్టుకోవాలి. అప్పుడు నడుము వంచకుండా, చెట్టు ఒరిగినట్టు నెమ్మదిగా ముందుకు ఒరగాలి. పట్టుకున్నవారే పైకి లెక్కపెడతారు. తర్వాత స్థానాలు మారతారు. ప్రతి ప్రాక్టీసులోనూ జతలు జతలుగా ఇది చేయించమని నేనే చెప్పాను.

"ఏట్రా జగదీషూ, నార్డిక్ చేస్తన్నావా లేదా? నిజం చెప్పు."

"నిజింగా సేస్తన్నాను పిన్నీ. సచ్ మే."

ఇలాంటి సచ్‌లు నేను చాలా విన్నాను. మర్నాడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా స్కూటీ వేసుకుని సిర్గిట్టి వెళ్ళాను.

కోచ్ విజిల్ వేయగానే ఆటగాళ్ళు జతలయ్యారు. ఆ రోజు వచ్చినవాళ్ళు సరిసంఖ్యే. అయినా ఒకచోట ముగ్గురు చేరారు. కెప్టెన్ సాహు, ఇంకో ఇద్దరు. జగదీష్ ఎవరివైపూ చూడకుండా గ్రౌండ్ చివరికి నడిచాడు. అక్కడ ప్రాక్టీసుకు వాడే చిన్న గోల్‌పోస్ట్ ఉంది, ఎటు కావాలంటే అటు జరిపేది. దాని అడుగు కమ్మీ కింద మడమలు దూర్చి ముందుకు ఒరిగాడు. సగంలోనే పోస్ట్ లేచి జారింది. చేతుల మీద పడ్డాడు. ముగ్గురి గుంపులోంచి ఒకడు ఏదో అన్నాడు, నవ్వులు వినిపించాయి. ఆ మాట నేను ఇక్కడ రాయను. నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం క్లినిక్‌లో అతన్ని బోర్లా పడుకోబెట్టి కాలు చూస్తూ అడిగాను. "పొద్దున్న వచ్చాన్రా. చూశాను. ఎందుకలగ?"

బల్లకేసి మొహం దాచుకున్నాడు.

"ఎవుడూ పట్టుకోడు పిన్నీ. నానేటి సెయ్యను? టీము బస్సులో నా ఫోను ఎవుడో తీసి సూసినాడు. రాయ్‌పూర్‌లో ఒకబ్బాయి ఉన్నాడు. ఆడి మెసేజీలు సదివీసినారు. అప్పుట్నించి నాతో రూములో పడుకోరు. నా బాటిల్లో నీళ్ళు తాగరు. స్టాండ్సులో జనం కూడా అరస్తన్నారు." తల ఎత్తకుండానే, "అబద్ధం ఏటీ కాదు పిన్నీ. నాను అలాటోణ్ణే," అన్నాడు.

నా యాభయ్యేళ్ళ జీవితంలో నా ఎదుట ఆ సంగతి నోరు విప్పి చెప్పిన మొదటి మనిషి అతను. అతను తల తిప్పి చూస్తున్నాడు. నా మొహం వైపు కాదు. తన పిక్క మీదున్న నా చేతుల వైపు. అవి అక్కడే ఉంటాయా, వెనక్కి పోతాయా అని చూస్తున్నాడని అర్థమైంది. చేతులు తీయలేదు. పిక్క నొక్కుతూనే ఉన్నాను.

"అచ్ఛా," అన్నాను. "కాలు వదులుగా పెట్టు. ఇంతకీ ఆ అబ్బాయి నిన్ను బాగా చూసుకుంటాడా?"

అతను నవ్వబోయి ఏడ్చేశాడు.

కోర్టు ఇది నేరం కాదని చెప్పి ఏళ్ళయిందని, కావాలంటే మేనేజ్‌మెంటుకు ఫిర్యాదు చేయవచ్చని చెప్పాను. వద్దన్నాడు. "మా అమ్మకి ఇంకా సెప్పలేదు పిన్నీ. నాను సెప్పాల, ఇంకెవుడో కాదు." అది న్యాయమే. పోనీ మనిషి అక్కర్లేకుండా చీలమండలకు బెల్టు కట్టుకుని చేసే పద్ధతి ఉంది కదా అన్నాను. "ఇంట్లో సేస్తాను. గ్రౌండ్లో అందరూ జతలుగా కూసుంటే నా ఒక్కడికీ బెల్టా?" అన్నాడు.

మర్నాడు కోచ్ దగ్గరికి వెళ్ళాను. జగదీష్ రహస్యం ఎత్తలేదు, కండరం సంగతే ఎత్తాను. నార్డిక్ సరిగ్గా చేయలేకపోతున్నాడు, చీలమండలు పట్టుకునేవాళ్ళు లేరు, అందుకే బలం తగ్గింది, ఇలాగే ఉంటే మూడోసారి చిరగడం ఖాయం అన్నాను.

ఆయన చెడ్డమనిషి కాదు. ఇబ్బందిగా టోపీ సర్దుకున్నారు. "కుర్రాళ్ళు మేడమ్. ఎవరు ఎవర్ని పట్టుకోవాలో నేను ఆర్డరెలా వేస్తాను?"

"గోల్ పడగానే ఒకరి మీద ఒకరు పడి కావలించుకుంటారు కదా సార్. దానికి ఆర్డర్ ఎవరేశారు?"

ఆయన నవ్వలేదు. గొంతు తగ్గించి, "అతని గురించి అంటున్నది నిజమేనా?" అని అడిగారు.

"నాకు తెలిసింది అతని తొడ సంగతి. అది చెప్పాను."

ఆయన గ్రౌండ్ వైపు చూసి, "మీకు తోచింది చెయ్యండి," అన్నారు. ఆ మాటే చాలనుకున్నాను.

ఆ రోజునుంచి నేనే పట్టుకున్నాను. విజిల్ పడగానే సల్వార్ కమీజ్‌తో తడి గడ్డి మీద కూర్చుని, జగదీష్ చీలమండలు అదిమి పట్టుకుని, తెలుగులో గట్టిగా లెక్కపెట్టేదాన్ని. చుట్టూ ఏక్, దో అంటుంటే మధ్యలో నా ఒకటీ రెండూ వింతగా వినిపించేవి. మొదట్లో కుర్రాళ్ళు నవ్వారు. తర్వాత నవ్వడానికి ఇబ్బందిపడ్డారు. వాళ్ళమ్మ వయసు మనిషి బురదలో కూర్చుంటే ఎంతసేపని నవ్వుతారు? నా మోకాళ్ళు మాత్రం మొరపెట్టుకున్నాయి.

ఒకరోజు ప్రాక్టీసయ్యాక సాహు నా దగ్గరికి వచ్చాడు. అంతకు ముందు ఏడాది, క్లబ్బు నన్ను కుదుర్చుకోకముందే, అతని చీలమండ బెణికితే క్లినిక్‌లో బాగుచేసింది నేనే. తల వంచుకుని మెల్లిగా అన్నాడు. "మేడమ్, నాకు వాడి మీద కోపం లేదు. మంచి ఆటగాడు. కానీ నేను పట్టుకుంటే రేపు నన్ను కూడా అదే అంటారు. నాకు పెళ్ళి సంబంధం చూస్తున్నారు."

వాళ్ళందరిలోనూ నిజం చెప్పినవాడు అతనొక్కడే. అందుకే కోపం రాలేదు. అది అసహ్యం కాదు, భయం. ఆ భయమే జతల్లోంచి ఒకణ్ణి ఏరి పక్కన పెట్టింది.

"సాహూ, నీ చీలమండ నేను నెలపాటు పట్టుకున్నాను. నీకున్నది నాకేమైనా అంటుకుందా? ఈరోజుకీ నాకు బంతి తన్నడం రాదే!"

అతనికి నవ్వాగలేదు. నవ్వుతూ వెళ్ళిపోయాడు.

రెండ్రోజుల తర్వాత విజిల్ పడింది. నేను కూర్చోబోతుంటే, "హటియే మేడమ్," అని నన్ను పక్కకు జరగమంటూ సాహు వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి జగదీష్ చీలమండల మీద కప్పి, దాని మీదనుంచి పట్టుకున్నాడు. ఈ వ్యాయామంలో తువ్వాలు అక్కడ వేయడం ఎవరూ నేర్పలేదు. వేయాల్సింది మోకాళ్ళ కింద, నేల ఒత్తుకోకుండా. అతను తనకూ ఆ చర్మానికీ మధ్య గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. జగదీష్‌కు తెలుసు, నాకు తెలుసు. సాహు పైకి చూడకుండా లెక్కపెట్టాడు. జగదీష్ చాలా నెమ్మదిగా ఒరిగాడు, ఎన్నాళ్ళుగానో ఆకలితో ఉన్నవాడు అన్నం తిన్నట్టు శ్రద్ధగా.

కొన్ని వారాలు అలాగే గడిచాయి. సాహు రాని రోజున గోల్‌కీపర్ వచ్చేవాడు. ఇద్దరు ముగ్గురు చివరిదాకా దగ్గరికి రాలేదు. స్టాండ్స్‌లో అరుపులూ ఆగలేదు. అయినా జగదీష్ బలం చూపే మీటరు ముల్లు పైకి కదిలింది.

సీజన్ చివర్లో ఒక పొద్దున్న జోరువాన. గ్రౌండంతా బురద. జగదీష్ మోకాళ్ళ మీద కూర్చోబోయాడు. "రుక్," అంటూ సాహు ఆపాడు. తువ్వాలును నాలుగు మడతలు వేసి జగదీష్ మోకాళ్ళ కింద పెట్టాడు. తర్వాత వెనక్కి వెళ్ళి, తడిసిన ఆ రెండు చీలమండల్నీ ఉత్త చేతులతో పట్టుకుని లెక్క మొదలుపెట్టాడు. కళ్ళు తుడుచుకోవడానికి నాకు వాన మంచి సాకయింది.

ఆ కండరం మూడోసారి చిరగలేదు. క్లబ్బు జగదీష్‌ను ఉంచుకుంది. వాళ్ళమ్మకు ఆ తర్వాతి ఏడాది తనే చెప్పుకున్నాడు. ఆవిడ చాలా రోజులు మాట్లాడలేదట. ఇప్పుడు మాట్లాడుతోందట. అంతకంటే ఎక్కువ చెప్పొద్దన్నాడు, చెప్పను.

ఈ కేసు తర్వాత నా పనిలో ఒక్కటే మారింది. కొత్త పేషెంటు ఎవరొచ్చినా, వ్యాయామం చేస్తున్నావా అని అడగడం మానేశాను. ఎవరు చేయిస్తున్నారు, పక్కన ఎవరుంటున్నారు అని అడుగుతున్నాను. కొందరు వెంటనే పేరు చెబుతారు. కొందరు మాట్లాడకుండా నా చేతుల వైపు చూస్తారు. అప్పుడు నేను చేతులు తీయను.