ఈవిడ ఇంకా చావదేం?

ఊళ్ళో సగంమంది ఒళ్ళు ఆవిడ టేపుకి తెలుసు. కత్తెర పట్టి ఇరవై ఏళ్ళు దాటినా ఎవరి కొలతా దాచుకోలేదు. బట్ట ఇచ్చేశాక, ఒంటి ఆకారానికి కత్తిరించిన కొలత కాగితం చెత్తబుట్టలోకే. ఒక్క కూతురి కాగితాలు మాత్రం మేకుకి వేలాడుతున్నాయి. పిల్ల జ్వరమొచ్చి పోయి ఎనిమిది నెలలయింది. ఫొటోలో ఉండేది ముఖమే. భుజమెంత, వీపెంత, చెయ్యెంత పొడుగు అన్నది ఆ గోధుమరంగు కాగితాల్లోనే మిగిలింది.

టీవీ కూడా ఆ మిషను గదిలోనే ఉంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆడపడుచూ, ఎదురు వాటా కండక్టరమ్మా వచ్చి కూర్చుంటారు. వాళ్ళు చూసేది హత్యల సీరియలు. పాతదాంట్లో ఇన్‌స్పెక్టరు భార్య ఎప్పుడో హత్యకు గురై, గోడమీద ఫొటోగా మాత్రమే కనిపించేది. ఇప్పుడు దానికి ముందుకథ తీశారు. ఫొటోలో మనిషి దిగివచ్చి నవ్వుతోంది, కొడుక్కి పాలు తాగిస్తోంది.

మిషను తొక్కుతూ ఆ మనిషిని చూడటం ఆవిడకి బాగుండేది. మిగతా ఇద్దరికీ అదే కంటగింపు.

"పాతదాంట్లో పిల్లాడికెన్నేళ్ళు?" అంది కండక్టరమ్మ, పల్లీ తొక్కు ఉఫ్‌మని ఊదుతూ.

"ఎనిమిది. తల్లి పోయి ఏడేళ్ళన్నారు" అంది ఆడపడుచు.

"అంటే వీడి ఏడాది వయసులో పోవాలి. వీడేమో బూట్లేసుకుని పరిగెడుతున్నాడు! ఈవిడ ఇంకా చావదేం?"

"సాగదీస్తున్నారు."

"టిక్కెట్టు మీద ఎక్కే స్టాపు కంటే ముందే దిగే స్టాపు కొట్టినట్టుంది వాళ్ళ లెక్క. నా బస్సులో అయితే దింపేద్దును."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆవిడ మిషను తొక్కడం ఆపింది. వీళ్ళ లెక్క సరిపోవడానికి ఒక మనిషి చావాలి. పాత సీరియలు రోజుల్లో "ఈ వారం ఎవరి వంతు" అని తనూ పందెం కాసింది. ఆ సంగతి గుర్తొచ్చి తన నోరే తనకి చేదనిపించింది.

కింద ఎవరో పిలిస్తే కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చింది. వచ్చేసరికి నేలమీద గోధుమరంగు కాగితం పరిచి ఉంది. మందపాటి పెన్నుతో అడ్డగీత, దానిమీద సీరియలావిడ పెళ్ళి, పురుడు, పిల్లాడి మొదటి అడుగు. చివర ఎర్రటి ఇంటూ గుర్తు.

"చూడు వదినా, తేలిపోయింది! శుక్రవారం దాటకూడదు" అంది ఆడపడుచు.

ఆ ఇంటూ గుర్తు వీపు కాగితంలో రెండు భుజాల మధ్యన పడింది. చేతి కొలత కాగితం పొట్లంగా మారి తొక్కులతో నిండింది. పొట్లానికి అడ్డమొచ్చిన అంచు చింపి, పేని, దానితో కండక్టరమ్మ పళ్ళు కుట్టుకుంటోంది.

"అది ఎవరిదనుకున్నారు?"

"ఏదో పాత కొలతేగా అక్కా. మేకుకుంటే తీశాను."

"దాని మేనత్తని అడుగు."

ఆడపడుచు వంగి అంచున రాసిన పేరు చదివింది. ముఖం పాలిపోయింది. "అయ్యో, చూసుకోలేదు వదినా... వెనకవైపే రాశాంలే."

"నీ మేనకోడలి వీపే అది. చంపడానికి మీకు అంతకంటే చోటు దొరకలేదా?" అని పొట్లం విప్పి తొక్కులన్నీ కండక్టరమ్మ ఒళ్ళో కుమ్మరించింది. "లేవండి ఇద్దరూ."

లేచారు. గుమ్మం దాటాక కండక్టరమ్మ గొంతు గుసగుసగా వినబడింది. "మరి శుక్రవారం ఎక్కడ చూద్దాం?"

ఆవిడ టీవీ ప్లగ్గు పీకింది. కొత్త కాగితం పరిచి, చేతి కాగితం దానిమీద పెట్టి చుట్టూ గీసుకొచ్చింది. చంక దగ్గర పెన్సిలు ఆగింది. అక్కడి వంపే చిరిగింది. కండక్టరమ్మ పడేసిన ఎంగిలి ముక్క నేలమీదుంది. రెండుసార్లు చెయ్యి చాపి వెనక్కి తీసుకుంది. మూడోసారి తీసి, గోటితో సాపుచేసి ఆనించింది. తడికి చివికి పిసరు పిసరుగా ఊడింది. ఎటు తిప్పినా అతకలేదు.

చివరికి ఊహించి గీసింది. చూస్తే అది పిల్ల చెయ్యిలా లేదు, ఎవరిదో.