ఉయ్యాలబల్లకు ఒప్పజెప్పిన పాఠాలు

దయ్యాల కబుర్లు మొదలైతే నేను లేచి వెళ్ళిపోను. కూర్చుని వింటాను, మనసులో నవ్వుకుంటాను. మా నాయన ఉప్పు కొఠారులో గుమాస్తా. మడుల నుంచి వచ్చిన ఉప్పును కుప్పలు పోయించి, లెక్క చూసి, బండ్లకెత్తించే పని ఆయనది. మసక వెలుతురులో ఆ తెల్లటి కుప్పలను చూసి జడుసుకున్నవాళ్ళ కథలు మా ఇంట్లో చాలా ఉండేవి. ప్రతి కథకూ చివర నాయన ఒక కారణం చెప్పేవాడు. ఆ కారణాలు వింటూ పెరిగినదాన్ని కాబట్టి, కారణం లేనిది ఏదీ ఉండదనే నమ్మాను.

అల్లూరుకు తూర్పుగా, సముద్రం హోరు వినిపించే ఒక ఊళ్ళో మేము అద్దెకుండిన ఇంట్లో జరిగింది ఇది. అప్పుడు నేను ఎస్.ఎస్.ఎల్.సి. చదువుతున్నాను. డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి, ఏ రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకోవడానికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా దాన్ని నమ్మడానికే.

ఆ ఏడు సంక్రాంతి వెళ్ళగానే అమ్మ కోవూరు వెళ్ళింది. మా అక్కకు కాన్పు కష్టమని డాక్టరమ్మ మంచం దిగవద్దన్నది. ఇంట్లో నేనూ నాయనా మిగిలాము. ఉప్పు తీసే రోజులు కావడంతో ఆయన తెల్లవారకముందే వెళ్ళి, దీపాలు పెట్టాక వచ్చేవాడు. కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, చేతిలో నీళ్ళ చెంబు ఉండగానే కునికిపాట్లు పడేవాడు.

బడిలో కూడా నాకు మాటలు తక్కువ. పిలిస్తే లేచి నిలబడతాను, గొంతు రాదు. కథల పుస్తకాలు దొరికితే మాత్రం అన్నం సంగతి గుర్తుండదు. పాఠాలనూ అలాగే చదివేదాన్ని, కళ్ళతో, నిశ్శబ్దంగా. అలా చదువుతుంటే అంతా తెలిసినట్టే ఉంటుంది. అర్ధ సంవత్సరం పరీక్షలో కాగితం ముందు కూర్చున్నాక తెలిసింది, నాకు తెలిసింది పుస్తకం ఎలా ఉంటుందో మాత్రమేనని. లెక్కల్లో తప్పాను. చరిత్రలో బొటాబొటి మార్కులతో బయటపడ్డాను.

నాయన కోప్పడలేదు. కంచం ముందు కూర్చుని నిదానంగా చెప్పాడు. "పెద్ద పరీక్ష పాసైతే నెల్లూరులో ట్రైనింగుకి పంపిస్తా. టీచరువి కావచ్చు. లేదంటే చదువు చాలు మే, కోవూరికి పో. అక్కకి, బిడ్డకి తోడుండు."

అక్క అంటే నాకు ప్రాణమే. కానీ ఆ ఇంటికి వెళితే వంటింట్లోంచి మళ్ళీ బయటికి రానని నాకు తెలుసు. పుస్తకాలు పట్టుకుని బతికే దారి నాకు ఆ ట్రైనింగు ఒక్కటే.

మా లెక్కల మాస్టారు పేపర్లు ఇచ్చిన రోజున, అందరూ వెళ్ళాక నన్ను ఆపి అడిగారు. "చదివింది ఎవరికైనా ఒప్పజెబుతావామ్మా?"

లేదన్నట్టు తల ఊపాను.

"పుస్తకం మూసి, గొంతెత్తి చెప్పాలి. ఎదురుగా ఒకళ్ళు వినాలి. వినేవాళ్ళుంటే గానీ నీకు రానిది నీకు కనపడదు."

ఆ సాయంత్రం నాయనను కూర్చోబెట్టి చరిత్ర పాఠం మొదలుపెట్టాను. రెండో రాజు రాకముందే ఆయనకు గురక వచ్చింది. మాట మధ్యలో ఆపేసి, దుప్పటి కప్పాను. ఆ వేళ ఇల్లంతా ఎంత ఖాళీగా అనిపించిందో డైరీలో రాసుకున్నాను. ఒక్క మనిషి, కూర్చుని వినే ఒక్క మనిషి లేడని.

మా ముందు గదిలో దూలానికి ఇనుప గొలుసులతో ఒక ఉయ్యాలబల్ల వేలాడేది. ఇంటిగలవాళ్ళది. వాళ్ళు నెల్లూరులో ఉంటారు, దాన్ని తీసుకుపోలేదు. ఇద్దరు పడుకునేంత వెడల్పు, మొద్దు బరువు. మేము దానిమీద విస్తరాకులు ఆరబెట్టుకునేవాళ్ళం. మరుసటి రోజు బడి నుంచి వచ్చి, విస్తరాకులు తీసి, దాన్ని ఒకసారి తోసి, ఎదురుగా గోడకానుకుని నేలమీద కూర్చున్నాను. కదిలేది ఏదో ఒకటి ఎదురుగా ఉంటే గొంతు వస్తుందేమోనని. వచ్చింది. ఉయ్యాల కిర్రు కిర్రుమంటుంటే, దానికి చరిత్ర చెప్పాను.

పక్కింటి కోటమ్మక్క నిప్పుకోసం వచ్చి గుమ్మంలో నిలబడింది. ఉప్పు తట్టలు మోసే మనిషి, నోరు పెద్దది.

"ఎవురితో మే మాట్లాడతా ఉండావు?"

పాఠం ఒప్పజెబుతున్నానన్నాను.

"ఉయ్యాలకా? బాగుండాది. దానికి కూడా మీ బళ్ళో పరీక్ష పెడతారా?" అని నవ్వి, నిప్పు తీసుకుని పోయింది. నా ముఖం ఎర్రబడింది గానీ మానలేదు. నవ్వినా, నవ్వకపోయినా ఆ ఇంట్లో నా పాఠం వినేది అదొక్కటే.

వారం పది రోజులు మామూలుగానే గడిచింది. తర్వాత ఒక సాయంత్రం, ఒక యుద్ధానికి కారణాలు చెబుతుండగా ఉయ్యాల ఆగిపోయింది.

ఊపు తగ్గి నిలవడం వేరు. ఇది అలా కాదు. ముందుకు వచ్చిన బల్ల వెనక్కి పోకుండా, ఎవరో పట్టుకున్నట్టు నిలిచింది. గొలుసులు ఒక్కసారి గలగలమని ఊరుకున్నాయి. గొలుసు బిగిసిందనుకుని లేచి చూశాను. ఏమీ లేదు. పుస్తకం తెరిచాను. చెప్పేటప్పుడు మధ్యలో ఒక కారణం పూర్తిగా వదిలేశాను.

అప్పుడు పట్టించుకోలేదు. మర్నాడు మళ్ళీ ఆగింది. మళ్ళీ పుస్తకం చూశాను. ఇద్దరు రాజులను తారుమారు చేశాను.

నేను ఉప్పు కొఠారు గుమాస్తా కూతుర్ని. ముందు గాలి అనుకున్నాను. సాయంత్రం సముద్రపు గాలి ముందు గదిలోంచి పెరట్లోకి పోతుంది. ఆ గాలి పడిపోయినప్పుడు ఉయ్యాల నిలుస్తుందేమో. అందుకని ఉయ్యాల పక్క గోడకున్న క్యాలెండరు మీద కన్నేసి ఉంచాను. ఉయ్యాల ఆగినప్పుడు క్యాలెండరు కాగితాలు రెపరెపలాడుతూనే ఉన్నాయి. తలుపులు మూసి చూశాను. వేకువన, గాలి నేలవైపు నుంచి వచ్చే వేళ చూశాను. అప్పుడూ తప్పు చెప్పిన చోటే ఆగింది. అది ఊరికే కూడా ఆగుతుంటుందేమో, తప్పు దొరికినప్పుడు మాత్రమే నేను గుర్తు పెట్టుకుంటున్నానేమోనని కథల పుస్తకం తెరిచి చూస్తూ పైకి చదివాను. ఎంతసేపు చదివినా మామూలుగానే ఊగి, మామూలుగానే ఊపు తగ్గింది.

భయం వేయాలి. వేయలేదు. ఇప్పటికీ నాకు ఆశ్చర్యం అదే. గదిలోకి రాగానే ఎవరో నా కోసం కూర్చుని ఉన్నట్టుండేది. బడి నుంచి త్వరగా నడిచి వచ్చేదాన్ని.

చదువు పద్ధతి దానంతటదే మారిపోయింది. వేకువన లేచి ఒక చిన్న ముక్క చదివేదాన్ని, పాఠం మొత్తం కాదు. పుస్తకం మూసి, బడికి నడుస్తూ మనసులో అనుకునేదాన్ని. సాయంత్రం ఉయ్యాలకు చెప్పేదాన్ని. ఆగిన చోటు పెన్సిలుతో గీత పెట్టుకుని, మర్నాడు ముందు అక్కడినుంచే మొదలుపెట్టేదాన్ని. లెక్క చేసేటప్పుడు కూడా ఎందుకు చేస్తున్నానో పైకి అంటూ చేసేదాన్ని. నాయన వచ్చేసరికి పుస్తకాలు సర్ది, వేళకు పడుకునేదాన్ని. ఇవన్నీ ఎవరైనా చెప్పగలిగిన సలహాలే. వింటూ కూర్చోవడమే ఎవరూ చేయరు.

రేఖాగణితం దగ్గర చిక్కు వచ్చింది.

వృత్తంలో ఒక చాపం కేంద్రం దగ్గర చేసే కోణం, పరిధి మీద చేసే కోణానికి రెట్టింపు. ఆ సిద్ధాంతం నాకు కంఠతా వచ్చు. మొదలుపెట్టాను. "పరిధి మీది బిందువు నుంచి కేంద్రం గుండా ఒక గీత గీసి పొడిగించాము" అనగానే ఉయ్యాల ఆగింది.

పుస్తకం చూశాను. అక్షరం పొల్లుపోలేదు. మళ్ళీ తోసి, మళ్ళీ చెప్పాను. అక్కడే ఆగింది. మర్నాడూ అక్కడే. నాకు కోపం వచ్చింది. "తప్పెక్కడుందో చెప్పు మరి" అని పైకే అన్నాను. పుస్తకం తెరిచి ఆ వాక్యం మీద వేలు పెట్టి దానికి చూపించాను కూడా.

అప్పుడు, వేలు ఆ వాక్యం మీద ఉండగా, నాకే ఒక ప్రశ్న తోచింది. ఆ గీత ఎందుకు గీశాము? లెక్కలో ఇవ్వని గీత అది. ఎవరు గీయమన్నారు? నాకు తెలియదు. మాటలు తెలుసు, అంతే.

ఆ ప్రశ్న పట్టుకుని బడికి వెళ్ళాను. లెక్కల పీరియడులో లేచి నిలబడ్డాను. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. మగపిల్లల్లో ఎవరో "అరె, దీనికి నోరుండాదిరా" అన్నాడు. కూర్చోకుండా, ఆ గీత ఎందుకు గీశామని అడిగాను.

మాస్టారు చాక్‌పీసు పక్కన పెట్టారు. ఇంతవరకూ ఎవరూ ఇది అడగలేదన్నారు.

"గీత లేకముందు నీకు అక్కడ తెలిసినదేముంది? ఏమీ లేదు. గీస్తే రెండు త్రిభుజాలు వచ్చినాయి. రెండింట్లోనూ రెండేసి భుజాలు వ్యాసార్థాలే. అటువంటి త్రిభుజం నీకు ఎప్పుడో తెలుసు. తెలియనిదాన్ని తెలిసినవాటిగా విడగొట్టడానికే ఆ గీత."

ఆ సాయంత్రం సిద్ధాంతం పుస్తకంలో మాటలతో కాకుండా నా మాటల్లో చెప్పాను. మధ్యలో తడబడ్డాను కూడా. ఉయ్యాల చివరిదాకా ఊగింది.

పెద్ద పరీక్ష అల్లూరులోనే రాశాము. లెక్కల పేపర్లో ఎక్కువ మార్కులున్న ప్రశ్న నేనెప్పుడూ చూడనిది. బొమ్మలో ఇచ్చిన గీతలతో ఏమీ తేలలేదు. కొంతసేపు కళ్ళు మూసుకున్నాను. గొలుసుల చప్పుడు ఊహించుకుంటూ, పెదవులు కదిలీ కదలకుండా, నాకు తెలిసినదేమిటో చెప్పుకున్నాను. తర్వాత ఎవరూ ఇవ్వని గీత ఒకటి గీశాను. మిగిలినదంతా దానంతట అదే వచ్చింది.

పాసయ్యాను. నాయన పేపర్లో నా నంబరు చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. అక్కను వెంటబెట్టుకుని, ఆమె కూతుర్ని ఎత్తుకుని అమ్మ తిరిగి వచ్చింది. నాకు ట్రైనింగులో సీటు వచ్చింది.

బయల్దేరే రోజు మధ్యాహ్నం కోటమ్మక్క వచ్చి, నా ట్రంకుపెట్టె పక్కన చతికిలబడింది.

"మొత్తానికి ఉయ్యాలకి చెప్పి పాసయినావు. ఇంటిగలామె ఉంటే ఎంత సంబరపడుండునో."

ఇంటిగలామె ఎవరని అడిగాను.

"ఈ ఇంటాయన తల్లి. మీరు దిగేదానికి ముందు పోయినాది. కొడుకులిద్దర్నీ ఈడే కూర్చోబెట్టి చదివించినాది మే. ఆమెకి అక్షరం ముక్క రాదు. పుస్తకం తలకిందులుగా పట్టుకోని ఈ బల్ల మీద కూర్చుంటాది, ఆ పిల్లోళ్ళు కింద కూర్చోని చెప్తా ఉంటారు. చదువు రాదు గదా, తప్పెట్ట తెలుస్తాదత్తా అని అడిగినా ఒకసారి. గొంతులో తెలుస్తాదే పిచ్చిదానా, బిడ్డకి దిటవుగా తెలిసిందేదో తెలీందేదో తల్లికి తెలీదా అనింది."

"తప్పు చెబితే కొట్టేదా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"యాడ కొడతాది. నోరు కూడా మెదపదు. కాలు నేలకానించి, ఉయ్యాల ఆపేస్తాది."

ఉయ్యాల ఆగడం గురించి అంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. కోటమ్మక్కకు అసలే చెప్పలేదు. డైరీలో తప్ప ఎక్కడా లేదు. కోటమ్మక్కకు చదవడం రాదు.

ఆమె వెళ్ళాక, అమ్మా అక్కా పెరట్లో ఉండగా, ముందు గదిలోకి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. గాలి బాగా వీస్తోంది. ఉయ్యాలను తోసి, పాత చోటే కూర్చున్నాను. సిద్ధాంతం చెబుతూ కావాలని ఒక తప్పు చెప్పాను. ఆగలేదు. ఇంకో తప్పు చెప్పాను. ఊగుతూనే ఉంది. నాకు తెలిసి చేసిన తప్పు దాని లెక్కలోకి రాదని అర్థమైంది.

ఇక లేవాలి. బండి వచ్చే వేళయింది. లేచే ముందు, వెళ్ళొస్తానని చెప్పడం ఎలాగో తెలియక, "నెల్లూరులో ఒక్కదాన్నే ఉండాలంటే నాకేం భయం లేదు" అన్నాను.

ఉయ్యాల ఆగింది.

క్యాలెండరు ఆడుతూనే ఉంది. నేను అక్కడే కూర్చుని, చాలా రోజుల తర్వాత, కరువుతీరా ఏడ్చాను. అమ్మ వచ్చి, ఊరు విడిచి పోతున్నందుకనుకుని తల నిమిరింది.

ఇప్పుడు నేను ఒక బడిలో పాఠాలు చెబుతున్నాను. పరీక్షల రోజుల్లో ఆడపిల్లలు సాయంత్రం ఆగి నాకు ఒప్పజెబుతారు. పుస్తకం మూసి, కళ్ళు మూసుకుని వింటాను. వాళ్ళకు తెలియని చోటు గొంతులో తెలుస్తుంది. ఇది అలవాటు వల్ల వచ్చేదే, ఇందులో వింత లేదు. వినేవాళ్ళు లేని పిల్లలకు గోడకైనా, కుర్చీకైనా ఒప్పజెప్పుకోమంటాను. అంతకు మించి చెప్పను.

ఆ ఉయ్యాల ఎందుకు ఆగేదో నాకు తెలియదు. నాయనను అడిగితే ఏదో ఒక కారణం చెబుతాడు. ఆయన చెప్పే కారణం సరైనదే అయి ఉండవచ్చు. ఇన్నేళ్ళయినా అడగలేదు.