మా అమ్మాయి కిడ్నీ, నేను నింపిన దరఖాస్తు

ఆ ఉదయం వీడియో కాల్‌లో మా అమ్మాయి లావణ్య కళ్ళు చిన్నవిగా కనిపించాయి. పోర్ట్‌బ్లెయిర్ పక్కన డాలీగంజ్‌లో ఉంటాం మేము. తను విశాఖపట్నంలో ఎమ్మెస్సీ మొదటి ఏడాది.

"హాస్టల్ తిండి బాగానే ఒంటబట్టినట్టుందే," అని నవ్వింది మా ఆవిడ.

"నిద్రమొహం మమ్మీ. థోడా సూజన్ ఉంది, బస్," అని ఫోన్ పెట్టేసింది.

ఆ ఉబ్బు నాకు నచ్చలేదు.

వారం తిరగకుండా తన రూమ్మేట్ మంజుల ఫోన్ చేసింది. "అంకుల్, కాళ్ళు కూడా ఉబ్బాయి. చెప్పులు పట్టట్లేదు. మీకు చెప్పొద్దంది, నేనే చేస్తున్నా."

షిప్పు కోసం ఆగే పరిస్థితి కాదు. ఇద్దరికీ విమానం టికెట్లు కొనే స్తోమత లేక నేనొక్కణ్ణే బయల్దేరాను.

ముప్పై ఏళ్ళుగా పత్రికలకు ఆసుపత్రి వార్తలు రాస్తున్నాను. క్రియాటినిన్ అనే మాట ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. డాక్టరు ఆ మాటను నా కూతురి పేరు పక్కన పెట్టి చెప్పినప్పుడు, అంటే ఏమిటని మళ్ళీ అడగాల్సి వచ్చింది. కిడ్నీలు సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగేదని చెప్పారు. యూరిన్‌లో ప్రోటీన్ పోతోందన్నారు. బయాప్సీ చేశారు. లూపస్ నెఫ్రైటిస్ అని తేలింది.

"ఒంట్లోని రక్షణ వ్యవస్థే కిడ్నీల మీద పడింది," అన్నారు డాక్టరుగారు. "స్టెరాయిడ్స్ మొదలుపెట్టాం. వాటితోపాటు ఇంకో మందు ఇంజెక్షన్ కూడా వెంటనే పడాలి. ఆలస్యమైతే డయాలసిస్ గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది."

ఆ మాట లావణ్య ముందే అన్నారు. తను దుప్పటి అంచు నలుపుతూ కూర్చుంది.

నా దగ్గరున్నది బెడ్డుకీ బయాప్సీకీ సరిపోయింది. ఆ ఇంజెక్షన్ ఖరీదైనది. హాస్టల్ వార్డెన్ మేడమ్ ఒక ఫారం తెచ్చారు. జబ్బుపడ్డ విద్యార్థులకు యూనివర్సిటీ ఇచ్చే అత్యవసర సాయం. లావణ్య చేతికి సెలైన్ సూది ఉంది కాబట్టి నేనే నింపాను. తను సంతకం మాత్రం పెట్టింది.

మూడు రోజులు ఏ కబురూ లేదు. పెద్ద ఆఫీసు కదా, వాళ్ళే పిలుస్తారని కూర్చున్నాను. లావణ్య మొహం ఇంకా ఉబ్బింది. క్రియాటినిన్ పెరుగుతూనే ఉంది. రిపోర్టు తెచ్చే నర్సు అడుగుల చప్పుడుకే లేచి తలుపు దగ్గరికి వెళ్ళేవాణ్ణి.

నాలుగో రోజు పొద్దున్నే యూనివర్సిటీలో ఆ దరఖాస్తులు చూసే సెక్షన్‌కి వెళ్ళాను. అక్కడి మేడమ్ ఫైలు తీసి చూశారు.

"మీది సోంపేట కదండీ. ఈ రాష్ట్రం పిల్లలు ముందు హెల్త్ కార్డు వాడుకోవాలి. అందుకే పక్కన పెట్టాం."

"మాకు ఆ కార్డు లేదండీ. మేం అండమాన్‌లో ఉంటాం."

"మరి సొంత ఊరు సోంపేట అని రాశారే?"

"అది మా తాతగారు అండమాన్ ఓడెక్కడానికి వదిలొచ్చిన ఊరండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "మా అమ్మమ్మది బరంపురం. నేను ఒడిశా అని రాసుకోనా సార్?"

నేను పుట్టింది అండమాన్‌లోనే, బాంబూఫ్లాట్‌లో. సోంపేట ఒకే ఒక్కసారి చూశాను. కానీ మా దీవుల్లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మొదటి మాట "మీదే ఊరు?" అన్నదే. దానికి డాలీగంజ్ అని ఎవరూ చెప్పరు. ఆ అలవాటే నా కలం పట్టుకుని రాయించింది. చిరునామా దగ్గర హాస్టల్ గది నంబరు వేశాను. మొత్తం కాగితంలో అండమాన్ అనే మాటే లేదు.

ఆవిడ నాచేత కొట్టేయించి, మళ్ళీ రాయించి, ఫైలు తనే పట్టుకుని లోపలికి వెళ్ళారు. సాయంత్రానికి సాయం మంజూరైనట్టు ఆసుపత్రికి ఉత్తరం చేరింది. ఆ రాత్రే ఇంజెక్షన్ పడింది.

అక్కడితో అయిపోలేదు. రెండో వారంలో ఇన్ఫెక్షన్, జ్వరం. డోసు తగ్గించారు, మళ్ళీ పెంచారు. "నాన్నా, నేను బతుకుతానా?" అని ఒక మధ్యాహ్నం హిందీలో అడిగింది. ఇంట్లో తెలుగులో మాట్లాడే పిల్ల. నేను కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని తన చెయ్యి పట్టుకున్నాను.

డిశ్చార్జి రోజున డాక్టరుగారిని పక్కకు పిలిచి, ఆ నాలుగు రోజులు పోకుండా ఉంటే ఏమయ్యేదని అడిగాను. "అది ఏ పరీక్షలోనూ తేలేది కాదు," అన్నారు.

ఇప్పుడు లావణ్య రెండో ఏడాదిలో ఉంది. మాత్రలు ఆపకూడదు. డయాలసిస్ దాకా రాలేదు గానీ, కిడ్నీలు పూర్తిగా కోలుకోలేదు. నెలనెలా పరీక్ష. రిపోర్టు వచ్చేవరకు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు.

పిల్లల్ని దూరంగా చదివిస్తున్న వాళ్ళకు ఒక్కటే చెప్పగలను. ఇలాంటి దరఖాస్తు ఇస్తే, పిలుస్తారులే అని కూర్చోకండి. మర్నాడే వెళ్ళి, ఎక్కడ ఆగిందో అడగండి. నేను నాలుగో రోజున అడిగాను.