పసుపు పూసిన లాక్

ఏ కంపెనీ సొత్తూ కాని సిస్టమ్ ఒకటి కంప్యూటర్లను నడిపిస్తుందన్న వార్త నాకు మొదట తెచ్చింది మా మరిది. మిర్యాలగూడలో కంప్యూటర్లు బాగుచేసేవాడు. ఒకరోజు సూర్యాపేటలో మా ఇంటికొచ్చి, సంచిలోంచి చాలా భక్తిగా ఒక సీడీ తీశాడు. పైసలు అడగరట, ఎవరికి వారు నకలు చేసి పంచుకోవచ్చట. ప్రసాదం లాంటిదే కదా అని నేనూ కళ్లకద్దుకున్నాను.

ఆ ప్రసాదంతో మాకు త్వరలోనే పనిపడింది. మా అత్తమ్మకు శుక్రవారం పాటలు తొంభై దాకా వచ్చు, ఏ పుస్తకంలోనూ లేనివి. నేను బడికి పోలేదు. మా నాన్న ఇంట్లో నేర్పిన అక్షరాలతోనే, ఆమె పాడుతుంటే నోటుబుక్కులో రాసుకున్నాను. పుస్తకం వేయిద్దామని కోదాడలో ఒక డీటీపీ సెంటర్‌లో టైపు చేయించాం. వాళ్లు ఫైలు సీడీలో పెట్టి ఇచ్చారు. పాటలు కంప్యూటర్‌లోకి ఎక్కాయి, ఇక వాటికి చావు లేదనుకున్నాను. చిరిగిపోయిన నోటుబుక్కును, పాత దేవుడి పటాలను సాగనంపినట్టే, పసుపు కుంకుమ పెట్టి సాగర్ కాలువలో కలిపాను.

ఆ దసరాకు రెండు సంగతులు జరిగాయి. అత్తమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కోదాడలో సెంటర్ యజమాని ఆయుధపూజ చేశాడు. ఆయన వాడే తెలుగు అక్షరాలు ఒక కంపెనీవి. కంప్యూటర్ వెనక అగ్గిపెట్టెంత లాక్ గుచ్చితేనే అవి కనబడతాయి. షాపులో అన్నిటికన్నా ఖరీదైనది అదే గనుక దాన్ని ఊడదీసి, పళ్లెంలో పెట్టి, తడి పసుపు పూసి, కొబ్బరినీళ్లు చల్లి మళ్లీ గుచ్చాడు. భక్తిలో లోపం లేదు, తడే ఎక్కువైంది.

లాక్ చచ్చిపోయింది. కంపెనీని అడిగితే, ఆ రకం ఆపేశామని, కొత్తది కొనుక్కోమని, కొత్తదాంట్లో పాత ఫైళ్లు తెరుచుకోవని చెప్పారట.

అప్పుడు మరిది ముందుకొచ్చి, మా ఇంటి కంప్యూటర్‌లో తన సిస్టమ్ ఎక్కించి ఫైలు తెరిచాడు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, డాలరు గుర్తులు. తప్పు తన సిస్టమ్‌ది కాదని, అక్షరాలను దాచుకున్న కంపెనీదని చెప్పి, కోదాడకు ఫోన్ కలిపి అందరికీ వినబడేట్టు పెట్టాడు.

"మాది స్టాండర్డ్ ఫాంటండీ. ఈ చుట్టుపక్కల పెళ్లిపత్రికలన్నీ దీంట్లోనే అవుతాయి," అన్నాడు యజమాని.

"పత్రికలైతే స్టాండర్డ్ అయితదా అన్నా? లోకమంతా ఒప్పుకున్నదే స్టాండర్డ్," అన్నాడు మరిది.

"అయితే మీ లోకంతోనే ఆ ఫైలు తెరిపించుకోండి."

గంటసేపు విన్నాక నాకు అర్థమైందేమిటంటే, స్టాండర్డ్ అంటే అవతలివాళ్లు తెరవలేనిది. మంచం మీద అత్తమ్మ బాగున్న చేయి ఎత్తి, నా పాటలేవని సైగ చేసింది. వస్తున్నాయని చెప్పాను. ఆ అబద్ధానికి దేవుడు నన్ను క్షమించాలి.

తరువాతి వారం జాకెట్టు కుట్టించుకోవడానికి పోతే, మిషన్ దగ్గర కూర్చున్నది కోదాడ సెంటర్‌లో ఆ పాటలు టైపు చేసిన ఆమె. లాక్‌తో పాటే ఆమె కొలువూ పోయి, సూర్యాపేటలో తల్లిగారింటికి వచ్చేసింది. సంగతి చెప్పి ఇంటికి తీసుకొచ్చి తెర చూపించాను. ఆమె కాసేపు చూసింది. ఒళ్లో వేళ్లు కదుపుతూ మెల్లగా చదవడం మొదలుపెట్టింది. అది అత్తమ్మ మొదటి పాట.

మరిది కుర్చీలోంచి లేచాడు. "గిదెట్ల చదువుతున్నవ్ అక్కా?"

"చదువుడేంది తమ్మీ. పదేండ్లు గవే కొట్టిన. ఏ గుర్తు ఏ అక్షరమో వేళ్లకు ఎరుకే."

వెనక మంచం పట్టె మీద అత్తమ్మ చేయి తాళం వేస్తోంది.

టైపు చేసిన ఆమె రోజూ మధ్యాహ్నం వచ్చి, ఆ గుర్తులను పైకి చదువుకుంటూ మరిది సిస్టమ్‌లో అన్ని పాటలూ మళ్లీ కొట్టింది. లోకమంతా ఒప్పుకున్న ఆ అక్షరాలు మా ఇంట్లో మాత్రం ఒత్తులను కింద కాకుండా పక్కన పడేసేవి. వాటిని సర్దడానికి మరిదికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఆమె పక్కనే కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టుకుంది. పాటలన్నీ అత్తమ్మ విన్నది. ఎక్కడైనా మాట తప్పితే మంచం పట్టె మీద గట్టిగా కొట్టేది.

పుస్తకం వచ్చింది. తమ ఫాంటులో కొట్టబట్టే చదవగలిగిందని కోదాడ ఆయన, తన సిస్టమ్ ఉండబట్టే పాటలు బతికాయని మరిది. ఇద్దరికీ చెరో కొబ్బరిముక్క పెట్టాను. ఆ కంపెనీకీ దండం పెట్టుకున్నాను. వాళ్లు తలుపు మూయకపోతే ఆమె మా గడప తొక్కేది కాదు.

పుస్తకం మీద పేరు వేస్తామంటే, జాకెట్లు కుట్టుకునేదాన్ని నాకెందుకమ్మా అని ఆమె ఒప్పుకోలేదు. అందుకే అడుగుతున్నాను. శుక్రవారం దీపం పెట్టి ఈ పాటలు పాడుకునే అమ్మలారా, మొదటి పాట ఎత్తుకునే ముందు ఆమెను ఒక్కసారి తలుచుకోండి.