కావేరి అని పిలిస్తే

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా జ్వరం వచ్చి వారం రోజులు బడి మానేసింది. తిరిగి వెళ్ళిన రోజు సాయంత్రం సంచి సోఫాలో పడేసి, బూట్లు కూడా విప్పకుండా నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అమ్మా, నా పేరు చేంజ్ చెయ్యి."

తను తరగతిలోకి అడుగు పెట్టగానే వెనక బెంచీ పిల్లలు "కావేరి వచ్చింది, బకెట్లు పెట్టండి" అని అరిచారట. టీచరు కూడా నవ్వు ఆపుకోలేకపోయిందట. బెంగళూరులో కొళాయి నీళ్ళకు కావేరి అనే పేరు. అద్దె ఇల్లు చూడటానికి వెళ్ళినవాళ్ళు ముందు అడిగేది "కావేరి ఉందా, బోరా?" అనే. మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంటుకు ట్యాంకర్లే దిక్కు. ఆ సంగతి తెలిసిన పిల్ల ఒకతె "మీ ఇంటికి నువ్వే రావంట కదా" అందట. అన్నిటికన్నా ఆ మాటకే ఎక్కువ ఏడ్చింది.

ఆ పేరు పెట్టింది నేను. మాది హిందూపురం వైపు. నీళ్ళున్న నదిని చూడాలంటే బస్సెక్కి పోవలసిన చోట పెరిగినదాన్ని. కూతురు పుడితే నది పేరే పెట్టుకోవాలని ఎప్పటినుంచో ఉండేది. మా అత్తగారిది విజయవాడ. "మనకు కృష్ణ లేదా, గోదావరి లేదా? పరాయి నది ఎందుకమ్మా?" అన్నారావిడ. ఈ ఊళ్ళో పుట్టిన పిల్లకు ఈ ఊరు తాగే నీళ్ళ పేరు పరాయిది ఎలా అవుతుందని నా వాదన. ఆ వాదనలో నేను గెలిచాను గానీ, బకెట్ల సంగతి అప్పుడు తోచలేదు.

మర్నాడు ఎలక్ట్రానిక్ సిటీకి ఆఫీసు క్యాబ్‌లో పోతుంటే ట్రాఫిక్‌లో మా పక్కన బోర్లు వేసే లారీ ఒకటి ఆగింది. దాని నుదుటి మీద పసుపు రంగు కన్నడ అక్షరాల్లో కావేరి అని ఉంది. ఫోన్ తీసి ఫొటో తీశాను. అలా మొదలైంది. మడివాళ మార్కెట్టు వెనక ఆడపిల్లల పీజీ హాస్టల్ బోర్డు, చెన్నై పోయే రాత్రి బస్సు, ఒక పిండిమర, రంగు వెలిసిన ఐస్‌క్రీం బండి, ఎవరి ఇంటి గేటు మీదో ఇత్తడి పలక. ఆ పేరు ఎక్కడ కనిపించినా తీసేదాన్ని. సాయంత్రం ఇంటికొచ్చి అమ్మాయికి చూపించేదాన్ని. పేరు నలుగురిదీ అయితే నొప్పి తగ్గుతుందని నా ఆశ.

తను మర్యాదకు చూసేది. బోరు లారీ ఫొటో దగ్గర మాత్రం కాసేపు ఆగింది.

"కావేరి రాని చోటికి ఈ కావేరి వెళ్తుందా?"

"అవును."

"మరి మన దగ్గరికి ఏదీ రాదేం?"

నేను తర్వాతి ఫొటోకు జరిపాను. వారం తిరిగేసరికి తనే తేల్చి చెప్పేసింది. "ఇవన్నీ థింగ్స్ అమ్మా. ఒక్కటి కూడా బతికున్నది లేదు."

మా అపార్ట్‌మెంటు వెనక సందులో పాత ఊరు ఇంకా కొంచెం మిగిలి ఉంది. అక్కడ ఒక అవ్వ నాలుగు ఆవులను పెట్టుకుని పాలు పోసేది. ఎన్నో తరాల కిందట ఇక్కడికి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. ఆ వారంలోనే ఒకరోజు పాలకు వెళ్తే, "ఇంకా కొన్ని దినాలు పాలు తక్కువేనమ్మా. మా కావేరి ఈనే దినాల్లో ఉండాది" అంది.

ఆదివారం పొద్దున అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళాను. నల్లమచ్చల ఆవు గోడవైపు తిరిగి నిలబడి ఉంది. అవ్వ "కావేరీ" అని పిలిచింది. ఆవూ తిరిగింది, మా అమ్మాయీ తిరిగింది.

"నీ పేరూ అదేనా పాపా? మంచిదప్పా, ఒక కేకకు ఇద్దరు పలుకుతారు."

"ఆవుకి ఆ పేరు ఎందుకు పెట్టారు?" మా అమ్మాయి గొంతులో కోపమే ఉంది.

"కొళాయిలో కావేరి వస్తాది, పోతాది. ఇంట్లోది ఆగకుండా రావాలని పెట్నాం. ఇంతవరకూ మాట తప్పలేదు ఇది."

ఆ రోజు ఆవును నేను ఫొటో తీశాను. తల ఆడించడంతో మొహం చెదిరిపోయింది.

మరో నాలుగు రోజులకు ఆవు ఈనింది. ఆ రోజు మధ్యాహ్నం నేను ఇంటినుంచే పని చేస్తున్నాను. బడినుంచి వస్తూ దూడను చూడటానికి ఆగిన మా అమ్మాయి పరుగున వచ్చింది. "అమ్మా, కావేరి లేవట్లేదు. రా."

వెళ్ళేసరికి దూడ బాగానే ఉంది. తల్లి పక్కకు ఒరిగిపోయి, మెడ వెనక్కి తిప్పి పడుకుని ఉంది. చెవులు పట్టుకు చూస్తే చల్లగా ఉన్నాయి. ఈనిన ఆవులకు ఒళ్ళు చల్లబడిపోయే పాలజ్వరమని, నిద్రలోకి జారిపోనీయకూడదని అవ్వ చెప్పింది. డాక్టరు ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడు. అవ్వ పిలిచి పిలిచి గొంతు పోగొట్టుకుంది. మా అమ్మాయి భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"నువ్వు పిలువు పాపా. నా గొంతు దానికి పాతబడిపోయింది."

మా అమ్మాయి నా వైపు చూసింది. తర్వాత పేడ, గడ్డి చూసుకోకుండా యూనిఫారంతోనే ఆవు తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. "కావేరీ" అంది, ఎవరూ వినకూడదన్నట్టు. ఆవు కదల్లేదు. ఈసారి గట్టిగా పిలిచింది. చెవి కొంచెం ఆడింది. ఇక ఆపలేదు. వేడుకున్నట్టు ఒకసారి, నేను తనను బడికి లేపేటప్పటి విసుగుతో ఒకసారి, ఊరికే కబురు చెబుతున్నట్టు ఒకసారి. ఆ పేరును అన్ని రకాలుగా అనవచ్చని నాకే తెలియదు. పక్క గోడ మీదినుంచి ఎవరో తొంగి చూశారు. తను పట్టించుకోలేదు.

డాక్టరు వచ్చి మెడ నరానికి సూది గుచ్చి సీసాడు కాల్షియం ఎక్కించాడు. కొంతసేపటికి ఆవు ఒళ్ళంతా వణికింది, తేన్చింది, ముందు కాళ్ళు మడిచి ఒక్క ఊపులో లేచి నిలబడింది. అవ్వ కొంగుతో మా అమ్మాయి మొహం తుడిచింది.

ఇంటికి నడిచి వస్తుంటే "ఫొటో తీశావా?" అని అడిగింది. తీయలేదని అప్పుడే గుర్తొచ్చింది నాకు. "పర్లేదులే" అంది.

పేరు మార్చమని మళ్ళీ అడగలేదు. బడిలో ఎగతాళి అంత తొందరగా ఆగలేదు గానీ, ఒకరోజు "ఇవాళ వచ్చాను, రేపు రాను, పట్టుకునేవాళ్ళు పట్టుకోండి" అని తనే అనేసిందట. తర్వాత వాళ్ళకే విసుగు పుట్టింది.

ఇప్పుడు ఏడో తరగతి. నా ఫోన్‌లో ఆ ఫొటోలు ఇంకా చేరుతూనే ఉన్నాయి, ఎక్కువ తనే తీస్తుంది. పోయిన ఏడు సందులో కొట్టం పడగొట్టి ఇల్లు కడతారని అవ్వ ఆవుల్ని హొసకోట వైపు ఎవరికో అమ్మేసింది. ఆవిడ ఆ సంగతి చెప్పినప్పుడు మా అమ్మాయి ముందుగా అడిగింది పేరు గురించే.

"వాళ్ళు కూడా అలాగే పిలుస్తారా అవ్వా?"

"చెప్పే ఇచ్చినాను తల్లీ. వేరే పేరు పెడితే అది పలకదు."

మా అమ్మాయి తల ఊపింది. ఖాళీ అయిన మేత గాటి దగ్గర కాసేపు నిలబడి, అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి, నాతో ఇంటికి వచ్చింది.