సమన్లు అందని మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. కబురు ఫోన్లో చెప్పింది మా అన్నే, అంటే ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. "అమ్మ ఇక లేదే" అన్నాడు. నేనప్పుడు మాకవరపాలెంలో మా స్కూలు స్టాఫ్ రూములో ఉన్నాను. ముందు ఏడుపు రావాలి కదా, రాలేదు. కోపం వచ్చింది. వచ్చే నెలలో కోర్టు వాయిదా ఉంది. ఆ వాయిదాలో పెద్దమ్మ బోనెక్కి, నాకు ఫోన్ చేసిన ఈ కొడుకు మీదే సాక్ష్యం చెప్పాలి. మా అన్న కానిస్టేబులు. అతను కొట్టిన ఒక ఆటో డ్రైవరు తరఫున పెద్దమ్మ సాక్షి. ఆ నాలుగు మాటలూ చెప్పకుండానే ఆవిడ వెళ్లిపోయింది. చెప్పనివ్వకుండా సాగదీశారు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు కోపం పక్కన పెట్టాలంటారు. చదివేవాళ్లు ఏమనుకున్నా సరే, నేను పెట్టలేను. పెద్దమ్మ దగ్గర నుంచి నాకు వచ్చిన ఆస్తి ఏదైనా ఉంటే అది ఈ కోపమే.

పెదనాన్న హెడ్ కానిస్టేబులుగా రిటైరయ్యారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నర్సీపట్నంలోని ఆ ఇంటికి ఒక ఆచారం ఉండేది. డ్యూటీ నుంచి వచ్చిన మనిషి ఖాకీతో గుమ్మం దాటకూడదు. వరండాలో మేకుకి చొక్కా, బెల్టు, టోపీ తగిలించి, లుంగీ కట్టుకుని, కాళ్లు కడుక్కుని లోపలికి రావాలి. ఇదేదో మడి అనుకునేవారు ఇరుగుపొరుగు. మడి కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు పెదనాన్న యూనిఫాంతోనే పీట మీద కూర్చుని, కూరలో ఉప్పు ఎక్కువైందని, స్టేషన్లో దొంగ మీద అరిచినట్టు అరిచారట. పెద్దమ్మ ఆయన ముందు నుంచి కంచం తీసేసింది. అంతవరకూ "మీరు" అనే మనిషి ఆ పూట "నువ్వు" అంది.

"ఆ గుడ్డలేసుకున్నంత సేపూ నువ్వు గవర్మెంటోడివి. గవర్మెంటోడికి నానెందుకు అన్నం పెడతాను? ఇప్పేసి రా, మొగుడికి పెడతాను."

ఆయన విప్పేసి వచ్చారు. ఈ ముచ్చట పెదనాన్నే మాకు నవ్వుతూ చెప్పేవారు. మా అన్నకు ఉద్యోగం వచ్చాక అతనికీ అదే మేకు, అదే రూలు.

బజారులో కూడా పెద్దమ్మ ఇలాగే ఉండేది. కూరగాయలమ్మే ఆవిడ పోలీసుగారి భార్య కదా అని తూకం మీద నాలుగు వంకాయలు ఎక్కువ వేస్తే, "పోలీసోళ్లకి వంకాయలు ఊరికే కాస్తాయేటే?" అని తిరిగి బుట్టలో పడేసేది. దారిలో జీపు ఆపి ఎక్కమన్నా ఎక్కేది కాదు, బస్సు కోసం ఎండలో నిలబడేది. మా అన్న హెల్మెట్ లేని కుర్రాళ్లను ఆపి ఫైన్ వేసి, తను ఉత్త తలతో బండి తోలుకుంటూ ఇంటికి వస్తే గుమ్మంలోనే పట్టుకునేది. "ఆళ్ల తలకాయలు మట్టివి, నీది ఇనపదేటిరా?" అనేది. అన్న నవ్వేసేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే అందులో నవ్వుకోవలసింది ఏమీ లేదు.

ఆ రోజు పెద్దమ్మ రోలుగుంటలో చుట్టాలింట వ్రతానికి వెళ్లి ఆటోలో తిరిగొస్తోంది. ఆర్టీసీ కాంప్లెక్స్ దాటాక, డివైడరుకి ఇటు పక్క, ఒక మోటారు సైకిలు ఎదురొచ్చి ఆటో అద్దాన్ని గీసుకుంటూ ఆగింది. రాకూడని వైపు వచ్చింది మోటారు సైకిలే. దాని మీద ఖాకీ బట్టల్లో మా అన్న ఉన్నాడు. ఎప్పటిలాగే హెల్మెట్ లేదు. వెనక సీట్లో మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చున్న తల్లిని చూడలేదు. "కళ్లు కనపడతన్నాయేట్రా?" అని ఆటో అబ్బాయి మీదకి వెళ్లాడు. ఆ అబ్బాయి ఇద్దరు పిల్లల తండ్రి, నెమ్మదైనవాడు. "సార్, మీరే రాంగు రూట్లో వచ్చేరండి" అన్నాడు. అన్నదంతే, అండీ అని కూడా పెట్టాడు. మా అన్న ఎడమ చెవి మీద కొట్టాడు. ఆ అబ్బాయి హ్యాండిల్ మీదకి వాలిపోయాడు.

పెద్దమ్మ సామాను సీట్లోనే వదిలేసి దిగింది.

"నాను సూసేను. ఎదురొచ్చింది నువ్వు. ఆడు నిజం సెప్పేడని కొట్టేవు" అంది.

"అమ్మా, అందరూ సూస్తన్నారు. బేగి ఇంటికెల్లు" అన్నాడు అన్న.

"అందరూ సూస్తన్నారనే సెప్తన్నాను" అంది పెద్దమ్మ.

అన్న ఆవిడని ఇంటికి వెళ్లమని ఇంకోసారి చెప్పి, ఆటో అబ్బాయి లైసెన్సు తీసుకుని వెళ్లిపోయాడు. పెద్దమ్మ వేరే ఆటో పిలిచి, చెవిలోంచి రక్తం కారుతున్న ఆ అబ్బాయిని ఆసుపత్రికి తీసుకెళ్లింది. చెవిలో పొర చిరిగిపోయిందన్నారు డాక్టరు. రెండో చెవి ఆ అబ్బాయికి చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రమే. వెనక బస్సు హారన్ కొట్టినా వినపడనివాడు ఆటో ఎలా తోలతాడు? ఇప్పుడు జీడిపిక్కల బట్టీ దగ్గర బస్తాలు మోస్తున్నాడు.

ఆసుపత్రి నుంచి పెద్దమ్మ ఆ అబ్బాయితో సరాసరి స్టేషనుకి వెళ్లింది. అక్కడి అధికారి కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించి, ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడట. "అమ్మా, కేసంటే మీ అబ్బాయి ఉద్యోగం పోద్ది, ఆలోచించుకోండి" అన్నాడు.

"ఈ అబ్బాయి లైసెన్సు లాగీసుకున్నప్పుడు ఈడి ఉద్యోగం ఏటవుతాదని ఎవులైనా అడిగేరేటండీ?" అంది పెద్దమ్మ.

ఫిర్యాదు కాగితం తీసుకోలేదు. లాయరుని పట్టుకుని కోర్టుకి వెళ్లి, కోర్టు చెబితే గానీ కేసు కట్టలేదు. కట్టాక మా అన్నను కొన్నాళ్లు వేరే స్టేషనుకి మార్చారు. అదీ శిక్ష. అదే పని ఆటో అబ్బాయి చేసి ఉంటే? రాంగు రూట్లో వచ్చి పోలీసు చెంప మీద కొట్టి ఉంటే ఆ సాయంత్రానికి ఎక్కడ ఉండేవాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు. చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. చట్టం ముందు అందరూ సమానమని నేను క్లాసులో పాఠం చెబుతాను. ఆ పాఠం వచ్చినప్పుడల్లా ఇప్పుడు నాకు నాలిక మీద కారం రాసినట్టుంటుంది.

ఇక చుట్టాలు. మా చిన్న మావయ్య వచ్చి, "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడతాదక్కా" అన్నాడు. "పడనీ. ఇంకోడి సెవి సించినప్పుడు మన కాళ్ల మీదేటీ పడలేదు కదా, అందుకే మనకి తెల్లేదు" అంది. కన్నతల్లి కొడుకు మీద సాక్ష్యం చెబుతుందా అని ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. కంచే చేను మేస్తే ఏం చేస్తామన్న సామెత మా ఊళ్లో ప్రతి నోట్లోనూ నానుతుంది. ఆ కంచెను పట్టుకుని ఒక్క ఊపు ఊపిన ముసలావిడని మాత్రం రాతి గుండె మనిషి అన్నారు.

రాతి గుండె కాదు. అన్న ఎన్నడూ ఆ ఇంట్లో అన్నం తినడం మానలేదు, ఆవిడ వండటం మానలేదు. ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. చేపల పులుసు చేసింది. తలకాయ ముక్క ఏరి కొడుకు కంచంలో వేసింది. అతను రెండు ముద్దలు తిన్నాక, "ఆ అబ్బాయి సెవెలాగుందో కనుక్కున్నావా?" అంది.

"అమ్మా, తిననీ" అన్నాడు.

"తిను. తిన్నాక సెప్పు."

అన్న చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు. "నన్ను జైల్లో ఎట్టించీసి ఇంకెవులికి వండుతావు?" అన్నాడు.

"నీకే. జైలుకి కేరేజీ తెస్తాను" అంది. అని ఇంకో గరిటె పులుసు వేసింది.

అతను చెయ్యి కడుక్కుని వెళ్లాక నేను ఉండబట్టలేక అన్నని తిట్టాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "ఆడు సెడ్డోడు కాడే. మొదటిసారి రాంగు రూట్లో వచ్చినప్పుడు ఎవుడో ఒకడు ఆపుంటే ఆ సెయ్యి ఇంత దూరం వచ్చీది కాదు. ఎవులూ ఆపలేదు. నానైనా ఆపకపోతే ఎలాగ?" అంది. మా అన్న చెడ్డవాడు కాడని నాకూ తెలుసు. నన్ను సైకిలు మీద స్కూలుకి దింపినవాడు. నా కోపం తగ్గనిది కూడా అందుకే. చెడ్డవాడైతే నోరారా తిట్టుకుని వదిలేద్దును.

కేసు విచారణకు వచ్చింది. ఇక్కడ చదివేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి, నాకూ అప్పుడే తెలిసింది. సాక్షి ఫలానా రోజు కోర్టుకి రావాలని కోర్టు సమన్లు పంపుతుంది. ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి ఇవ్వాల్సింది పోలీసులు. పోలీసు మీద కేసులో, పోలీసు తల్లికి, సమన్లు పోలీసులే తేవాలి. అవి రాలేదు. "సాక్షి ఇంట్లో లేరు, ఇల్లు తాళం వేసి ఉంది" అని కోర్టుకి రిపోర్టు మాత్రం వెళ్లింది. ఆటో అబ్బాయి వాయిదా తేదీ చెబితే పెద్దమ్మ తనంతట తనే ఆటో కట్టించుకుని వెళ్లింది. ఆ రోజు మా అన్న లాయరు వాయిదా అడిగి పుచ్చుకున్నాడు. మళ్లీ సమన్లు, మళ్లీ ఇల్లు తాళం. అప్పటికి ఎనభై దగ్గర పడుతున్న మనిషి, మోకాళ్ల నొప్పులతో వీధి చివరికి కూడా నడవలేని మనిషి, రిపోర్టుల్లో మాత్రం ఎప్పుడూ ఊళ్లు తిరుగుతూనే ఉంది.

ఆ రిపోర్టులు రాసింది మా అన్న స్నేహితుడు, తోటి కానిస్టేబులు. ఒకనాడు అతను వీధిలో వెళ్తుంటే పెద్దమ్మ వరండాలోంచి పిలిచింది. "బాబూ, నాను ఇంట్లో లేనని రాసేవంట. మరి మొన్న మంగళారం నువ్వు తాగిన టీ ఎవులిచ్చేర్రా?" అంది. అతను చెప్పుల వైపు చూస్తూ, "పిన్నీ, నన్నేటి సెయ్యమంటావు? పైవోళ్లు సెప్పినట్టు రాస్తాను" అన్నాడు. పెద్దమ్మ అతన్ని తిట్టలేదు. కూర్చోబెట్టి మళ్లీ టీ ఇచ్చింది. "తాగు. ఇది కూడా రాసుకో" అంది. అతను సగం గ్లాసు వదిలేసి వెళ్లిపోయాడట. ఇది నాకు చెప్పి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది.

అలా సాగదీస్తూ ఉండగానే ఆవిడ గుండె ఆగింది. తలకొరివి మా అన్నే పెట్టాడు. పెట్టాలని ఆవిడ ముందే చెప్పింది కూడా, "సాక్షి వేరు, తల్లి వేరు" అని. పెద్దకార్యం నాడు విస్తళ్లు వేస్తుండగా ఆ స్నేహితుడే గేటు దగ్గరకి వచ్చాడు. చేతిలో సమన్లు. కొత్త మేజిస్ట్రేటుగారు గట్టిగా అడిగారట, ఈసారి ఇచ్చి తీరాలన్నారట. మనిషి పోయిందని అతనికి తెలుసు, శ్మశానానికి కూడా వచ్చాడు. అయినా కాగితం ఇంటికి తెచ్చినట్టు చూపించుకోవాలి. బతికుండగా దొరకని ఇల్లు ఇప్పుడు అంత సులువుగా దొరికింది. నేను లేచి అనవలసినవన్నీ అన్నాను, బంతిలో ఉన్నవాళ్లు తినడం ఆపి చూశారు. అన్న గేటు దగ్గరకి వచ్చాడు. పోయిందని రాసుకోమని స్నేహితుడికి చేత్తో సైగ చేశాడు.

వాయిదా నాడు నేను సెలవు పెట్టి కోర్టుకి వెళ్లాను. ఆ రోజు ఆటోలో పెద్దమ్మతో పాటు ఉన్న మనుషులు, ఎదురుగా టీ కొట్టు నడిపే మనిషి, అందరూ అంతకు ముందే వచ్చి మేమేమీ చూడలేదని చెప్పి వెళ్లిపోయారు. దెబ్బ తిన్నవాడి మాటకి తోడుగా మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. ప్రభుత్వ లాయరు లేచి, సాక్షి చనిపోయారు అన్నారు. మేజిస్ట్రేటుగారు తల ఎత్తి చూసి, ఇంక చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. లేరన్నారు. ఏదో రాసుకుని ఇంకో కేసు పిలిచారు. అంతా కలిపి పాలు పొంగినంత సేపు కూడా పట్టలేదు.

వరండాలోకి వచ్చాక ఆటో అబ్బాయి నా మొహంలోకి చూసి, "జడ్జిగారేటన్నారు మేడం?" అని అడిగాడు. మా అన్న కాస్త అవతల తన లాయరు పక్కన నిలబడి ఉన్నాడు. గుండు మీద జుట్టు ఇంకా సరిగ్గా మొలవలేదు.

ఇలాంటి మాట ఎవరికైనా మెల్లగా చెప్పాలి. మెల్లగానే చెప్పాను. అతనికి వినపడలేదు. "ఏటి మేడం?" అని దగ్గరకి వంగాడు. కొంచెం గట్టిగా చెప్పాను. మళ్లీ తల అడ్డంగా ఊపాడు. ఇక చేసేది లేక అరిచాను.

"సూసినోళ్లెవులూ లేరంట బాబూ. ఉన్న ఒక్కావిడా పోయిందంట."

బెంచీల మీద ఉన్నవాళ్లు, మెట్ల మీద లాయర్లు, గేటు దగ్గర కాపలా పోలీసు, అందరూ తల తిప్పి మా వైపు చూశారు. మా అన్న ఒక్కడే తిరగలేదు. అతని చెవులు రెండూ బాగానే ఉన్నాయి.