మర్యాద మూడు

సున్నా టీచర్‌కి ఆ పేరు పెట్టింది పిల్లలే. ఎదురుగా ‘టీచర్’ అనే అంటారు, వరండా మలుపు తిరగ్గానే ముందు సున్నా చేరుస్తారు. ఆవిడకి తెలుసు, తెలిసీ ఊరుకుంటుంది. ఆ సున్నా ఆవిడ వేసింది కాదు, కంప్యూటర్ వేసింది. ఆ సంగతి చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పెట్టింది.

నర్సింగ్ స్కూల్లో కాన్పుల పని నేర్పడం ఆవిడ ఉద్యోగం. ప్రసవాల గదిలో గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడి, ఆఖరి సంవత్సరం పిల్లలు పనిచేస్తుంటే చూస్తూ ఉంటుంది. చూడటమే ఆవిడ పనిలో సగం. గ్లౌజులు తొడుక్కునేటప్పుడు ఎవరి వేళ్ళు వణుకుతున్నాయో, నొప్పులు పడుతున్న మనిషి మొహం ఎవరు చూస్తున్నారో, గోడ గడియారం ఎవరు చూస్తున్నారో ఇట్టే పసిగడుతుంది. వెనకటికి ఇదంతా వాక్యాల్లో రాసేది. ‘చెయ్యి తేలిక. రక్తం చూస్తే మాట పడిపోతుంది. ఇంకో ఏడాది పక్కన ఒకరు ఉండాలి.’ ఆస్పత్రుల్లో పెద్ద నర్సులు అది చదువుకుని ఎవర్ని ఎక్కడ వేయాలో తేల్చుకునేవారు. అనుమానం వస్తే ఫోన్ చేసి అడిగేవారు.

తరవాత సామర్థ్య ప్రమాణాలు దిగాయి. పిల్ల నేర్చుకున్న ఒక్కో పనికీ ఒక్కో అంకె. సున్నా అంటే ఈ పని అప్పగిస్తే ప్రమాదం. ఒకటంటే చూసింది. రెండంటే పక్కన ఒకరుంటే చేస్తుంది. మూడంటే ఒంటరిగా చేస్తుంది. నాలుగంటే ఇంకొకరికి నేర్పుతుంది. ఈ అంకెలు స్కూలు కంప్యూటర్ నుంచి ఏ ఆస్పత్రి కంప్యూటర్‌కైనా వెళ్తాయి, అందరికీ ఒకేలా అర్థమవుతాయి. నిజం చెప్పాలంటే మొదట్లో దీనికి చప్పట్లు కొట్టినవాళ్ళలో మన టీచర్ కూడా ఉంది. ఎందుకుండదు? పక్క గదిలో ట్యూటరమ్మ ఏళ్ళ తరబడి ప్రతి పిల్లకీ ‘మంచి అమ్మాయి, వినయం కలది’ అనే రాసేది. వినయంతో రక్తం ఆగుతుందా?

చిక్కంతా ఖాళీ గడి దగ్గర వచ్చింది. కాన్పు తరవాత తల్లికి ఆగకుండా రక్తం పోవడం రోజూ జరిగేది కాదు. ఒక పిల్ల డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ అలాంటి కేసు ఒక్కటీ రాకపోవచ్చు. ఆ పిల్ల చేస్తుందో లేదో ఎవరు చెప్పగలరు? ఎవరూ చూడలేదు. అందుకని టీచర్ ఆ గడి ఖాళీగా వదిలేసింది. కంప్యూటర్ దాన్ని సున్నా చేసుకుంది. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్న రకం అది. ‘అవకాశం రాలేదు’ అని కింద రిమార్కుల్లో రాస్తే రాయనిచ్చింది గానీ, ఆస్పత్రికి వెళ్ళేది అంకె ఒక్కటే. మాటలు స్కూలు గుమ్మం దాటవు.

మిగతా ట్యూటర్లు దీనికి మందు ఎప్పుడో కనిపెట్టారు. చూడనిదానికి మూడు వేసెయ్యడమే. దాన్ని వాళ్ళు ‘మర్యాద మూడు’ అనేవారు. సున్నా వేస్తే పిల్ల బతుకు పాడవుతుంది, నాలుగు వేస్తే మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది, మూడయితే ఎవరూ అడగరు. ఆ లెక్కన స్కూలు స్కూలంతా తెలిసినవాళ్ళనీ తెలియనివాళ్ళనీ ఒకే గాటన కట్టేసి హాయిగా ఉంది. ఒక్క సున్నా టీచర్‌కే అరగలేదు.

“నీకెందుకే అంత బాధ?” అన్నాడు ఆవిడ మొగుడు, అన్నం కలుపుకుంటూ. ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. “నాకు లైసెన్సిచ్చినాయన నేను బండి వెనక్కి తియ్యడం చూడనేలేదు. చూసినట్టు సంతకం పెట్టేశాడు.”

“అందుకే మన గేటు స్తంభం ఇప్పటికి రెండుసార్లు కట్టించాం,” అంది ఆవిడ.

ఆ ఏడాది బ్యాచ్‌లో ఒక పొడుగాటి పిల్ల ఉండేది. పై అరలో సామాను ఏది కావాలన్నా ఆ పిల్లనే పిలిచేవారు కాబట్టి ‘నిచ్చెన’ అన్న పేరు స్థిరపడిపోయింది. మాట తక్కువ, చెయ్యి బంగారం. నొప్పులు పడుతున్న ఆడమనిషి నడుము మీద ఆ పిల్ల చెయ్యి పడితే గదిలో అరుపులు తగ్గేవి. టీచర్‌కి ఆ పిల్లంటే మురిపెం. అన్నిటికీ మూడు వేసింది, రెండిటికి నాలుగు కూడా వేసింది. రక్తం ఆపే పని దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. నిచ్చెన డ్యూటీల్లో అలాంటి కేసు ఒక్కటీ రాలేదు. గడి ఖాళీగా వదిలింది. ఇంకేముంది, సున్నా.

వారం తిరక్కుండా కబురొచ్చింది. ప్రమాదం వచ్చినప్పుడు చేసే పనులన్నిటికీ మూడు ఉంటేనే ఉద్యోగాల జాబితాలోకి ఎక్కిస్తారట. నిచ్చెన పేరు పక్కన ‘అప్పగిస్తే ప్రమాదం’ అని పడింది. కేసులు చూసినవాళ్ళూ చూడనివాళ్ళూ అంతా ఎక్కారు, నిచ్చెన ఒక్కతే కింద మిగిలింది.

టీచర్ ప్రమాణాల ఆఫీసుకి ఫోన్ చేసింది. అటువైపు ఆయన చాలా మర్యాదస్తుడు. అదే ఆవిడ ప్రాణం తీసింది. గట్టిగా మాట్లాడేవాడైతే ఆవిడా కడిగిపారేసేది.

“ఖాళీ అనే విలువ ప్రమాణంలో లేదండీ,” అన్నాడాయన.

“నేను చూడలేదు బాబూ. చూడలేదని రాయడానికి ఒక గడి ఇవ్వండి, చాలు.”

“చూడలేదంటే రానట్టే తీసుకుంటామండీ. రోగి భద్రత కోసం.”

“మీ భద్రత పుణ్యమా అని ఇక్కడ అందరూ చూడనిదానికి మూడు వేస్తున్నారు. అది తెలుసా మీకు?”

“అలా వెయ్యకూడదండీ,” అన్నాడాయన బాధగా. “మీ సూచన రాసుకున్నాను. తరవాతి కూర్పులో పరిశీలిస్తాం.”

“తరవాతి కూర్పు ఎప్పుడొస్తుంది?”

“అది కమిటీ చెప్పాలండీ.”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఆవిడ ఫోన్ పెట్టేసి, చల్లారిపోయిన టీ ఒక్క గుక్కలో తాగేసి, స్టోరు తాళాలు తీసుకుంది. రబ్బరు బొమ్మని బల్ల మీద పడుకోబెట్టి, ఎర్ర రంగు నీళ్ళు పట్టించి, నిచ్చెన చేత ఆ పని మళ్ళీ మళ్ళీ చేయించింది. పిల్ల చక్కగా చేసింది. కానీ బొమ్మ మీద ఎంత చక్కగా చేసినా రెండు దాటనివ్వదు ప్రమాణం. ఆ మాట మాత్రం న్యాయమేనని టీచర్ ఒప్పుకుంది. బొమ్మ కళ్ళు తేలెయ్యదు, బొమ్మ తల్లి గుమ్మంలో నిలబడి ఏడవదు. ఒప్పుకున్నందుకు ఇంకా ఒళ్ళు మండింది.

జాబితా మూసేసే రోజు నిచ్చెన స్టాఫ్ రూముకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“టీచర్, నాకొక మూడు వెయ్యండి.”

“నువ్వు చెయ్యగా నేను చూడలేదు కదే.”

“మిగతావాళ్ళవి మాత్రం ఎవరు చూశారు? చూడకుండానే వేశారు. వాళ్ళంతా ఉద్యోగాలకి వెళ్తున్నారు. ఇంట్లో మా అన్నయ్య ఇంక ఏదైనా దుకాణంలో చేరమంటున్నాడు.” పిల్ల గొంతు పెరిగింది. ఆ గొంతు పెరగడం టీచర్ ఎప్పుడూ వినలేదు. “మీరు నిజాయితీగా ఉంటారు, బాగానే ఉంది. దానికి జరిమానా నేను కట్టాలా?”

ప్రిన్సిపాల్ గారు తన గదిలోంచే అందుకున్నారు. “వేసెయ్యండి మేడం, పోయేదేముంది? మీరు పట్టిన కుందేలికి మూడే కాళ్ళంటారు గానీ, మూడు మాత్రం వెయ్యరు!” తన మాటకి తానే నవ్వుకున్నారు.

టీచర్‌కి నవ్వు రాలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక అందరి మీదా తెచ్చుకుంది, ఆఖరికి ఆ పిల్ల మీద కూడా. పిల్ల అన్నదాంట్లో మాత్రం తప్పు లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని మూడు నొక్కింది. మారు మాటాడకుండా ఒప్పుకుంది యంత్రం. ఇన్నాళ్ళూ నిజానికి సవాలక్ష అడ్డంకులు పెట్టింది, అబద్ధానికి తలుపు బార్లా తీసింది.

మూడు పడిందో లేదో, నిచ్చెనకి ఉద్యోగం వచ్చింది. ఎక్కడనుకున్నారు? ఊళ్ళకి దూరంగా, కంకర రోడ్డు చివర ఒక చిన్న ఆరోగ్య కేంద్రం. డాక్టరు వారానికోసారి వస్తాడు. కాన్పులకి ఉండేది ఒక్క నర్సే. మూడంటే ఒంటరిగా చేస్తుందని కదా, అందుకని ఒంటరిగానే వేశారు.

ఆ పోస్టింగు కాగితం చూసిన కోపంలోనే టీచర్ ప్రమాణాల కమిటీకి ఉత్తరం మీద ఉత్తరం రాసింది. పడలేక కాబోలు, ఒక మధ్యాహ్నం పిలిచారు. పొడుగాటి బల్ల, మూతలు తీయని నీళ్ళ సీసాలు, చుట్టూ పెద్ద మనుషులు. ఆవేళ ఫోన్‌లో మాట్లాడిన మర్యాదస్తుడు కూడా ఉన్నాడు, అనుకున్నదానికంటే చిన్నవాడు. ఆవిడ లేచి ఖాళీ గడి గురించి మొదలుపెట్టిందో లేదో ఫోన్ మోగింది. అధ్యక్షుడు మొహం చిట్లించాడు. నిచ్చెన పేరు కనపడగానే ఆవిడ ఎత్తింది.

“టీచర్, ఆగట్లేదు. బిడ్డ బాగానే ఉంది. తల్లికి ఆగట్లేదు.”

ఆవిడ ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద పెట్టింది. ఎందుకలా చేసిందో ఆవిడకే తెలియదు. చేతులు ఖాళీగా ఉండాలనిపించింది.

“పొత్తి కడుపు మీద చెయ్యి పెట్టు. గట్టిగా ఉందా, మెత్తగా ఉందా?”

“మెత్తగా ఉంది.”

“రుద్దు. గట్టిపడేదాకా రుద్దు, ఆపకు. ఆయమ్మ ఉందా? ఇంజెక్షన్ ట్రే అందుకోమను. మాయ మొత్తం పడిందా?”

“పడింది. చూశాను. ముక్క ఏం మిగల్లేదు.”

“మూత్రం సంచి చూశావా?”

“చూళ్ళేదు టీచర్. ఉండండి... నిండుగా ఉంది.”

“గొట్టం వెయ్యి. తొందరపడకు, నీ చెయ్యి మంచిది. అంబులెన్సుకి చెప్పించు. మళ్ళీ రుద్దు. ఆవిడ పేరు పెట్టి పిలువు, పలుకుతోందా?”

గదిలో ఎవరూ సీసా ముట్టుకోలేదు. టీచర్ తనకి తెలియకుండానే బల్ల మీద అరచేత్తో గుండ్రంగా రుద్దుతోంది. చాలాసేపటికి ఆ చిన్న డబ్బాలోంచి మాట వచ్చింది. “గట్టిపడింది. టీచర్, తగ్గింది. తగ్గుతోంది.” వెనక ఎక్కడో పసిబిడ్డ ఏడుస్తోంది.

టీచర్ కూర్చుంది. ముందు కోలుకున్నది అధ్యక్షుడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మంచి మనిషే.

“చూశారా మేడం,” అన్నాడు. “మీరు మూడు వేశారు, ఆ అమ్మాయి మూడే చేసింది. ప్రమాణం నిలబడింది. మీకింకా సందేహమా?”

“అది మూడు కాదండీ!” అని అరిచేసింది ఆవిడ. “పక్కన ఒకరుంటే చేసింది. నేనున్నాను. అది రెండు. దాన్ని రెండు చెయ్యండి. అప్పుడు ఆ కేంద్రానికి ఇంకొక మనిషిని ఇవ్వక తప్పదు మీకు.”

మర్యాదస్తుడు గొంతు సవరించుకున్నాడు. “నేర్చుకున్న విద్య వెనక్కి పోదు కదండీ, అందుకని స్థాయి తగ్గించే వీలు పెట్టలేదు. తప్పుగా వేశానని మీరు రాసిస్తే మొత్తం రద్దవుతుంది. అప్పుడు విచారణ ఉంటుంది, మీ మీదా, ఆ అమ్మాయి మీదా. విచారణ తేలేదాకా ఆ అమ్మాయి విధుల్లో ఉండకూడదు.”

“మరి అక్కడ ఎవరుంటారు?”

ఆ ప్రశ్న ఆరోగ్య శాఖది, తమది కాదని ఆయన మెల్లగా చెప్పాడు. తరవాతి అంశం ఏదో తీశారు.

ఆవిడ బయట మెట్ల మీద కూర్చుంది. తప్పు రాసివ్వడానికి ఆవిడకి భయం లేదు. ఉద్యోగం పోతే పోయింది, అరిచి అరిచి విసుగెత్తిపోయింది. కానీ కిందటిసారి గడి ఖాళీగా వదిలినప్పుడు ఆ పిల్లని అడక్కుండానే న్యాయం చేయబోయింది. అందుకని ఈసారి అడుగుదామని ఫోన్ చేసింది. అంబులెన్సు వచ్చి తల్లినీ బిడ్డనీ తీసుకెళ్ళిందని నిచ్చెన చెప్పింది. టీచర్ విషయమంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

“రాసివ్వకండి టీచర్.”

“నీ ఉద్యోగం కోసమా?”

“అదీ ఉంది. నన్ను తీసేస్తే ఇక్కడ సున్నా కూడా ఉండదు. నేను రాకముందు ఈ గదికి తాళం వేసి ఉండేదట.”

“నువ్వు ఇంకా రెండేనే,” అంది టీచర్. తిట్టినట్టుగానే వచ్చింది మాట, కళ్ళలో మాత్రం నీళ్ళు తిరుగుతున్నాయి.

“నాకు తెలుసు టీచర్. మీకూ తెలుసు. ఇక్కడ కాన్పుకి మంచమెక్కేవాళ్ళకే తెలీదు. రెండు చేతులూ పట్టుకుని, మీరున్నారుగా సిస్టరమ్మా, ఇంక మాకేం భయం అంటారు.”

వెనక ఎవరో తలుపు కొట్టారు. ఎవరికో నొప్పులు మొదలయ్యాయట. “వస్తున్నా,” అని అటు తిరిగి కేకేసి, నిచ్చెన ఫోన్ పెట్టేసింది.